డెకోరా, అయోవా: వెళ్లేముందు మనవాళ్లు అడిగే ప్రశ్నలు

మేం మిన్నసోటాలోని రోచెస్టర్‌లో ఉంటాం. మా ఇంటి నుంచి గంటన్నర దూరంలో, అయోవా రాష్ట్రం ఈశాన్య మూలన, డెకోరా అనే చిన్న ఊరుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడల్లా ఒకసారైనా అక్కడికి వెళ్తాం. ఇప్పటికి చాలాసార్లు వెళ్లాం కాబట్టి తెలిసినవాళ్లందరూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటారు. వాటికి నాకు తెలిసిన జవాబులన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను.

డెకోరా ఎంత ఊరు? ఏముందని అంత దూరం వెళ్లాలి?

2020 జనాభా లెక్కల ప్రకారం 7,587 మంది. మన దగ్గర ఒక పెద్ద పంచాయతీ అంత. అప్పర్ అయోవా అనే నది ఊరి మధ్య నుంచి వంపులు తిరుగుతూ పోతుంది. చుట్టూ సున్నపురాయి కొండలు, వాటి మీద దట్టమైన చెట్లు. అయోవా అంటే అందరికీ బల్లపరుపు మొక్కజొన్న చేలే గుర్తొస్తాయి గానీ ఈ మూల అలా ఉండదు. మంచుయుగం చివరి రోజుల్లో చుట్టుపక్కల నేలంతా హిమానీనదాల కింద నలిగి చదునైపోయినా ఈ ప్రాంతం తప్పించుకుంది. అందుకే లోయలూ ఊటలూ గుహలూ మిగిలాయి. దీన్ని డ్రిఫ్ట్‌లెస్ ప్రాంతం అంటారు.

అయితే నేను వెళ్లమని చెప్పేది కొండల కోసం కాదు. నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు తమతో తెచ్చుకున్నవాటిని ఇంత శ్రద్ధగా దాచుకున్న ఊరు అమెరికాలో మరొకటి నేను చూడలేదు. దేశం వదిలి వచ్చిన మనలాంటి వాళ్లు తప్పకుండా చూడాల్సిన ఊరు ఇది.

అయోవాలో నార్వేవాళ్లు ఎందుకున్నారు?

నార్వేలో సాగుకు పనికొచ్చే భూమి నూటికి మూడు నాలుగు వంతులే. మిగతాదంతా కొండలు, అడవి, రాయి. 19వ శతాబ్దంలో జనాభా బాగా పెరిగింది. పొలం పెద్దకొడుక్కి పోతే మిగతా కొడుకులు కౌలుకో కూలికో బతకాలి. 1825లో స్టవాంగర్ రేవు నుంచి ఒక చిన్న పడవలో మొదటి గుంపు అమెరికాకి బయలుదేరింది. ఆ తర్వాతి వందేళ్లలో దాదాపు 8 లక్షల మంది వచ్చేశారు. జనాభాతో పోల్చి చూస్తే యూరప్‌లో ఐర్లండ్ తర్వాత ఎక్కువ మందిని ఇలా పోగొట్టుకున్న దేశం నార్వేనే.

వాళ్లలో చాలామంది ముందు విస్కాన్సిన్ చేరారు. అక్కడ భూములు నిండిపోయాక పడమటికి జరిగి 1850లో డెకోరా పరిసరాలకు వచ్చారు. తమ పిల్లల్ని పాస్టర్లుగా చదివించుకోవడానికి 1861లో విస్కాన్సిన్‌లో ఒక కాలేజీ పెట్టుకుని, మరుసటి ఏడే దాన్ని ఈ ఊరికి మార్చారు. అదే లూథర్ కాలేజీ. 1874లో ఇక్కడే నార్వే భాషలో ‘డెకోరా పోస్టెన్’ పత్రిక మొదలై అమెరికా అంతటా ఉన్న నార్వేవాళ్ల ఇళ్లకు వెళ్లేది. కాలేజీ, చర్చి, పత్రిక ఈ మూడూ ఒకేచోట ఉండటంతో ఈ చిన్న ఊరికి అంత పేరొచ్చింది. లూథర్ కాలేజీకి 150 ఏళ్లు నిండిన 2011లో నార్వే రాజు హారల్డ్, రాణి సోన్యా స్వయంగా వచ్చి వెళ్లారు.

డెకోరా అనేది నార్వే పేరేనా?

కాదు. హో-చంక్ అనే స్థానిక జాతి నాయకుడు వాకాన్ డెకోరా పేరు అది. 1840లలో అమెరికా ప్రభుత్వం హో-చంక్ ప్రజల్ని ఈ ప్రాంతంలో ఉంచి, వాళ్ల మీద కాపలాకి దక్షిణాన ఫోర్ట్ అట్కిన్సన్ అనే కోట కట్టింది. 1848లో వాళ్లని ఇక్కడి నుంచి కూడా ఖాళీ చేయించి మిన్నసోటాకి పంపేసింది. మరుసటి ఏడే తెల్లవాళ్ల మొదటి కుటుంబం వచ్చి ఊరు కట్టింది, ఆ తర్వాతి ఏడు నార్వేవాళ్లు వచ్చారు. ఈ మూడు సంవత్సరాలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. నార్వేవాళ్ల కష్టాల కథ విని కళ్లు చెమర్చినప్పుడు, ఆ నేల అంతకు ముందు ఎవరిదో కూడా గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం. ఫోర్ట్ అట్కిన్సన్ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి, కారులో అరగంట లోపే.

మాకు ఒక్క పూటే టైముంది. ఏది చూడాలి?

వెస్టర్‌హైమ్ మ్యూజియం. మిగతావన్నీ వదిలేసినా ఇది వదలొద్దు. పేరుకి ‘పడమటి ఇల్లు’ అని అర్థం. 1877లో లూథర్ కాలేజీలో కొన్ని వస్తువులు పోగుచేయడంతో మొదలై, ఈ రోజు 30 వేలకు పైగా వస్తువులున్న పెద్ద మ్యూజియం అయ్యింది. ముఖ్యమైన భవనం వాటర్ స్ట్రీట్ మీద, ఒకప్పుడు హోటల్‌గా కట్టిన నాలుగంతస్తుల పాత ఇటుక కట్టడంలో ఉంది. 2023లో పక్కనే కొత్త భవనం కూడా తెరిచారు. దాని ప్లాను గీసింది ఓస్లో ఒపేరా హౌస్ ప్లాను గీసిన స్నోహెట్టా అనే నార్వే సంస్థ.

లోపల చూడాల్సినవాటిలో నేను మొదట చెప్పేది పెట్టెల గురించి. ప్రతి కుటుంబం ఓడ ఎక్కేటప్పుడు ఒక చెక్కపెట్టె తెచ్చుకునేది. మన పాత ఇళ్లలో ఉండే భోషాణం లాంటిదే, కానీ మూత గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. మూలలకి ఇనప పట్టీలు. ముందు వైపు నీలం మీదో ఎరుపు మీదో తీగలు, ఆకులు, పూలు. మధ్యలో పెద్ద అక్షరాలతో యజమాని పేరు, సంవత్సరం. ఆ పూల పనిని రోజ్‌మాలింగ్ అంటారు. కుంచె ఒక్క విసురులో తీగ వంపు తిరుగుతుంది, దాని మీద సన్నని తెల్లగీత మళ్లీ అదే వంపులో వెళ్తుంది. నార్వేలో ఒక్కో లోయకి ఒక్కో తీరు ఉండేదట. కొన్ని పెట్టెల మీద పూలు వేసిన కాలం నాటి పేరు ఒకటి, తర్వాత ఓడ ఎక్కిన మనిషి పేరు ఇంకొకటి. అంటే అమ్మమ్మ పెళ్లికి చేయించిన పెట్టె, మనవరాలితో అమెరికా వచ్చిందన్నమాట.

మా నాన్నగారు ఒక పెట్టె ముందు చాలాసేపు నిలబడిపోయారు. “ఇందులో ఏం పెట్టుకుని ఉంటారు?” అని అడిగారు. ఓడ ప్రయాణం వారాల తరబడి సాగేది, తిండి ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. గట్టి రొట్టెలు, ఎండబెట్టిన మాంసం, జున్ను, ఉన్ని బట్టలు, పనిముట్లు, బైబిల్. నేను మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో మా సూట్‌కేసు 2 కిలోలు ఎక్కువైతే, కందిపొడి ఉంచాలా దుప్పటి ఉంచాలా అని అమ్మ నేల మీద కూర్చుని సర్దింది. నాన్నగారికి అదే గుర్తొచ్చింది, పైకి చెప్పారు కూడా.

రెండోది, దాదాపు రెండడుగుల పొడవుండే చెక్క పలకలు చూడండి. బట్టలు ఇస్త్రీ చేయడానికి వాడేవి. వాటి పిడి గుర్రం ఆకారంలో చెక్కి ఉంటుంది. పెళ్లి చేసుకోవాలనుకున్న అమ్మాయికి అబ్బాయి తన చేత్తో చెక్కి ఇచ్చే కానుక అది.

మూడోది బయట ఉన్న పాత ఇళ్లు. అందులో ఎగె అనే కుటుంబం కట్టుకున్న దుంగల ఇల్లు తప్పక చూడండి. ఒక్కటే గది. 1853 డిసెంబరులో నార్వే నుంచి కొత్తగా వచ్చిన పాస్టర్ కోరెన్, ఆయన భార్య ఎలిజబెత్ ఈ ఇంట్లోనే ఎగె దంపతులతో, వాళ్ల ఇద్దరు పిల్లలతో కలిసి ఆ చలికాలం గడిపారు. మధ్యలో ఒక గుడ్డ అడ్డం కట్టుకుని రెండు కాపురాలు. ఎలిజబెత్ ఆ రోజులన్నీ డైరీలో రాసుకుంది, అది తర్వాత పుస్తకంగా వచ్చింది కూడా. గుమ్మం దగ్గర నిలబడి లోపల ఆరుగుర్ని ఊహించుకుంటే చాలు, ఇంకెవరూ ఏమీ వివరించక్కర్లేదు.

పిల్లలకి నచ్చేది 25 అడుగుల తెరచాప పడవ. 1933లో ఇద్దరు అన్నదమ్ములు నార్వే నుంచి అందులో అట్లాంటిక్ దాటి వచ్చారు. అది మొత్తంగా మ్యూజియం లోపలే ఉంది.

కనీసం మూడు గంటలు పెట్టుకోండి. చలికాలంలో పనివేళలు తగ్గుతాయి, బయటి ఇళ్లు కొన్ని మూసి ఉంచుతారు. బయలుదేరే ముందు వాళ్ల వెబ్‌సైట్ చూసుకోవడం మర్చిపోవద్దు.

నార్డిక్ ఫెస్ట్‌కి వెళ్తే మంచిదా, మామూలు రోజుల్లోనా?

నార్డిక్ ఫెస్ట్ 1967 నుంచి ప్రతి జూలై చివరి వారాంతంలో జరుగుతుంది. ఊరేగింపు ఉంటుంది. బునాద్ అనే సంప్రదాయ దుస్తులు వేసుకుని, వెండి బ్రోచ్‌లు పెట్టుకుని చిన్నపిల్లలు రోడ్డు మీద డాన్సులు చేస్తారు. చెక్క చెక్కేవాళ్లు, నేతపనివాళ్లు, కమ్మరులు అక్కడే కూర్చుని పని చేసి చూపిస్తారు. రాళ్లు విసిరే పోటీ, లూటెఫిస్క్ అనే చేప వంటకం తినే పోటీ కూడా ఉంటాయి.

నా మాట అడిగితే, పెద్దవాళ్లు ఉంటే మొదటిసారి మామూలు రోజుల్లోనే వెళ్లండి. ఫెస్ట్ రోజుల్లో ఎండ, జనం, పార్కింగ్ టెన్షన్. మ్యూజియం నిదానంగా చూడటం కుదరదు. ఊరు నచ్చితే రెండోసారి ఫెస్ట్‌కి వెళ్లండి, అప్పుడు చూసే ప్రతి వస్తువూ మీకు తెలిసినదే అవుతుంది. కుంచె పట్టుకున్నవాళ్ల పక్కన నిలబడి చూడటానికి మాత్రం ఫెస్ట్‌కి మించిన సమయం లేదు. అడిగితే పని ఆపి మరీ చెప్తారు.

మే 17 కూడా మంచి రోజే. 1814లో నార్వే రాజ్యాంగం రాసుకున్న రోజు అది.

తిండి సంగతేంటి? శాకాహారులకి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది, అదీ మనకి నచ్చేవే.

లెఫ్సె అనేది బంగాళాదుంప చపాతీ అనుకోండి. ఉడికించిన దుంపల్ని మెత్తగా చిదిమి, వెన్న, మీగడ, పిండి కలిపి, గాళ్లు పెట్టిన అప్పడాల కర్రతో పల్చగా వత్తుతారు. పెద్ద గుండ్రటి పెనం మీద వేసి, పొడుగాటి బల్లపరుపు పుల్ల కిందికి దూర్చి తిప్పుతారు. నూనె వెయ్యరు. గోధుమరంగు మచ్చలు రాగానే తీసి, వెన్న రాసి, పంచదార చల్లి చుట్టి ఇస్తారు. వేడివేడిగా తింటే నోట్లో కరిగిపోతుంది. ఉప్పు కారం లేదని నిరాశ పడకండి, దాన్ని తీపి కిందే తినాలి.

రొమ్మెగ్రోట్ అంటే పుల్లటి మీగడతో కాచిన చిక్కటి జావ. పైన కరిగిన వెన్న, పంచదార, దాల్చినచెక్క పొడి. నాలుగు చెంచాలతోనే కడుపు నిండిపోతుంది. క్రుమ్‌కాకె అనేది అచ్చుపెనం మీద కాల్చి గొట్టంలా చుట్టిన పల్చటి బిస్కెట్టు. ఇందులో చాలామంది ఏలకుల పొడి వేస్తారు. నార్వేవాళ్ల తీపి వంటల్లో ఏలకులు ఎక్కువే. అందుకే వాళ్ల బేకరీ వాసన మనకి పరాయిగా అనిపించదు. గుడ్డు తిననివాళ్లు మాత్రం బిస్కెట్లు, కేకుల విషయంలో అడిగి తీసుకోండి.

ఇక ఒక సంగతి చెప్పాలి. మొదటిసారి అమ్మతో ఫెస్ట్‌కి వెళ్లినప్పుడు ఒక స్టాల్‌లో ఒక పెద్దావిడ పొడుగు కాడ ఉన్న ఇనప అచ్చుని కాగిన నూనెలో ముంచి, తీసి, పల్చటి పిండిలో సగం వరకూ ముంచి, మళ్లీ నూనెలో పెట్టింది. అచ్చు కొంచెం కదపగానే పువ్వు విడిపోయి నూనెలో తేలింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని “అవి మన గులాబీ పువ్వులే!” అంది. అక్కడ వాటి పేరు రోజెట్‌లు. మనం బియ్యప్పిండి, మైదా కలుపుతాం, వాళ్లు మైదా, గుడ్డు, పాలు కలుపుతారు. పైన పంచదార పొడి చల్లుతారు. అచ్చు మాత్రం ఒకటే. అమ్మకి ఇంగ్లీషు అంతగా రాదు, ఆవిడకి తెలుగు అసలే రాదు. అయినా పిండి ఎంత జారుగా ఉండాలో అమ్మ చేత్తో చూపిస్తే ఆవిడ తలూపింది. అచ్చు ముందే నూనెలో కాగకపోతే పిండి అంటుకోదని ఆవిడ అచ్చు చూపిస్తూ సైగ చేస్తే, ఈసారి అమ్మ తలూపింది. పది నిమిషాలు అలా మాట్లాడుకున్నారు. వెనకాల లైన్ పెరిగిపోయినా ఎవరూ విసుక్కోలేదు.

మామూలు రోజుల్లో ఇవన్నీ అన్ని హోటళ్లలో దొరకవు. భోజనానికి వాటర్ స్ట్రీట్ మీద ఒనియోటా కోఆప్‌కి వెళ్తే పప్పు, కూరగాయలతో చేసినవి దొరుకుతాయి. 1953 నుంచి నడుస్తున్న మేబ్స్ పిజ్జా ఊరివాళ్లందరికీ ఇష్టం. వేసవిలో విప్పీ డిప్ ఐస్‌క్రీమ్ దగ్గర పిల్లలు కనీసం ఒకసారైనా ఆపిస్తారు. మన అన్నం లేకపోతే కుదరని పెద్దవాళ్లుంటే పులిహోర కలుపుకుని వెళ్లండి. డన్నింగ్స్ స్ప్రింగ్ పార్కులో బల్లల మీద కూర్చుని తినొచ్చు, పక్కనే జలపాతం చప్పుడు.

లూటెఫిస్క్ తినొచ్చా?

చేపలు తినేవాళ్లయితే ఒకసారి రుచి చూడండి. కాడ్ చేపని గాలికి కర్రలా ఎండబెట్టి, దాన్ని రోజుల తరబడి నీళ్లలో, తర్వాత క్షారంలో, మళ్లీ మంచినీళ్లలో నానబెడతారు. వండాక జెల్లీలా వణుకుతుంది. వాసన గట్టిగానే ఉంటుంది. ఎండుచేపల కూర తెలిసినవాళ్లకి అదేం కొత్త కాదు, ఆ జారుడు తత్వమే కొత్త. కరిగిన వెన్న పోసుకుని తింటారు. దీని అసలు కాలం వేసవి కాదు. చలి మొదలయ్యాక ఆ ప్రాంతం చర్చిల్లో లూటెఫిస్క్ విందులు పెడతారు, బయటివాళ్లు కూడా టికెట్ కొనుక్కుని వెళ్లొచ్చు.

అక్కడ ఇప్పటికీ నార్వే భాష మాట్లాడతారా?

లేదు. వీధిలో వినపడేది ఇంగ్లీషే. డెకోరా పోస్టెన్ పత్రిక 98 ఏళ్లు నడిచి 1972లో ఆగిపోయింది, చదివేవాళ్లు లేక. తాతలు నార్వే భాషలో దెబ్బలాడుకున్నారు, తండ్రులకి అర్థమయ్యేది, మనవలకి పాటలూ వంటల పేర్లూ మిగిలాయి. ఏదైనా చేయి జారి పడితే ‘ఉఫ్ దా’ అంటారు, మనం ‘అయ్యయ్యో’ అన్నట్టు. షాపుల గుమ్మాల మీద ‘వెల్‌కొమ్మెన్’ అని రాసి ఉంటుంది. కిటికీల్లో ఎర్రటోపీ పెట్టుకున్న బొమ్మలు కనపడతాయి. అవి నిస్సెలు, పాత నమ్మకం ప్రకారం పొలాన్నీ పశువుల్నీ కాచే చిన్న మనుషులు.

శని, ఆదివారాల్లో తెలుగు బడికి పిల్లల్ని తీసుకెళ్లే తల్లిగా ఈ విషయం నన్ను ప్రతిసారీ కలవరపెడుతుంది. అంత పెద్ద పత్రిక, సొంత కాలేజీ, సొంత చర్చిలు ఉండి కూడా భాష నిలవలేదు. చేతిపని, తిండి, పాట నిలిచాయి. మ్యూజియంవాళ్లు రోజ్‌మాలింగ్, నేత, చెక్కపని నేర్పే తరగతులు నడుపుతున్నారు, కొన్ని ఆన్‌లైన్‌లో కూడా. నార్వే రక్తం ఉండక్కర్లేదు, ఎవరైనా చేరొచ్చు.

పిల్లలు బోర్ కొడుతోందని అంటారేమో?

చేపల హేచరీకి తీసుకెళ్లండి. సీవర్స్ స్ప్రింగ్ అనే ఊట నుంచి వచ్చే చల్లటి నీటిలో ట్రౌట్ చేపల్ని పెంచి ఆ ప్రాంతం వాగుల్లో వదులుతారు. పొడుగాటి తొట్లలో వేలకొద్దీ చేపలు. మేత చల్లగానే నీళ్లు ఉడికినట్టు ఎగురుతాయి. మా చిన్నవాడు అక్కడి నుంచి కదలనని మొండికేశాడు.

హేచరీ దగ్గరి చెట్టు మీద గూడు కట్టుకున్న బాల్డ్ ఈగల్ జంటని కెమెరా పెట్టి ఇంటర్నెట్‌లో చూపించడంతో 2011లో ఈ ఊరు ప్రపంచమంతా తెలిసింది. స్కూళ్లలో క్లాసు ఆపి మరీ పిల్లలకి చూపించారు. ఫిబ్రవరి, మార్చిల్లో గుడ్లు పెడతాయి, ఐదు వారాలకి పిల్లలవుతాయి, జూన్‌లో ఎగురుతాయి. గద్దలు గూళ్లు మారుస్తుంటాయి కాబట్టి ఈ ఏడు ఏ గూట్లో ఉన్నాయో ముందే చూసుకోండి. మంచి బైనాక్యులర్లు తీసుకెళ్లండి.

నడక, నది, కొండలు?

ట్రౌట్ రన్ ట్రైల్ అనేది ఊరి చుట్టూ 11 మైళ్ల తారుబాట. సైకిల్‌కి, నడకకి బాగుంటుంది. ఒక వైపు మాత్రం ఎత్తు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు హేచరీ వైపు చదునుగా ఉన్న ముక్క నడిస్తే చాలు. డన్నింగ్స్ స్ప్రింగ్ జలపాతానికి పార్కింగ్ నుంచి రెండు నిమిషాలే. అక్కడికి దగ్గర్లోనే ఐస్ కేవ్ ఉంది. ఈ గుహలో చలికాలంలో కాకుండా వసంతంలో మంచు పేరుకుంటుంది. చలికాలం అంతా రాయి గడ్డకట్టేంత చల్లబడి ఉంటుంది, మంచు కరిగిన నీళ్లు పగుళ్లలోంచి దిగి ఆ రాయికి తగలగానే ఐస్ అవుతాయి. ఎండాకాలం నడిమి దాకా అలా ఉంటుంది.

నదిలో కనూలు, కయాక్‌లు అద్దెకి ఇస్తారు. బ్లఫ్టన్ దగ్గర నిటారు సున్నపురాయి గోడల కింద నుంచి పడవ వెళ్తుంటే మాట రాదు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒక జూన్‌లో ముందురోజు గట్టి వాన పడింది, అద్దెకిచ్చినాయన “ఫర్వాలేదు” అన్నాడని మేం దిగాం. వంపు దగ్గర పడిన చెట్టుకి పడవ తగిలి తిరగబడింది. నీళ్లు నడుము లోతే, అందరం లైఫ్ జాకెట్లు వేసుకున్నాం, ఏమీ కాలేదు. కానీ ఫోన్లు రెండూ పోయాయి, అమ్మ ఆ రాత్రి నిద్రపోలేదు. వాన పడ్డాక రెండు రోజులు ఆగండి. ఎవరు ఫర్వాలేదన్నా సరే.

ఊరి కింద ఉల్క పడిన గుంట ఉందంటారు, నిజమేనా?

నిజమే. దాదాపు 47 కోట్ల ఏళ్ల కిందట పడింది, గుంట అడ్డంగా అయిదున్నర కిలోమీటర్లు. ఇప్పుడది మట్టి కింద పూడిపోయి ఉంది, పైన చూడ్డానికి ఏమీ కనపడదు. ఆ గుంటలో పేరుకున్న బురద రాయిగా మారి, అందులో ఒక పెద్ద సముద్రపు తేలు శిలాజాలు దొరికాయి. 2015లో దానికి ఊరి పేరు కలిపి పెంటెకాప్టెరస్ డెకోరాహెన్సిస్ అని పెట్టారు. నదికి తాత్కాలికంగా అడ్డుకట్ట వేసి తవ్వి తీశారు.

సీడ్ సేవర్స్ ఫామ్ చూడాలా?

వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాళ్లు తప్పకుండా చూడాలి. ఊరికి ఉత్తరంగా ఆరు మైళ్లు, 890 ఎకరాలు. 1975లో ఒక యువజంట, తాతగారు ఇచ్చిన రెండు రకాల విత్తనాలతో మొదలుపెట్టిన సంస్థ. ఒకటి ఊదారంగు పూల తీగ, ఒకటి గులాబీరంగు టమాటా. రెండూ వాళ్ల పెద్దలు జర్మనీ ప్రాంతం నుంచి తెచ్చుకున్నవి. ఇప్పుడు వేలాది పాతరకాలు దాచి, పండించి, పంచుతున్నారు. ఆగస్టులో వెళ్తే టమాటాలు, మిరప కాసి ఉంటాయి. నాన్నగారు అక్కడ ఒక్కో మడి దగ్గరా ఆగి, మా ఊళ్లో ఇప్పుడు కనపడని వరి రకాల పేర్లు చెప్పుకుంటూ నడిచారు. మ్యూజియంలో పెట్టె చూశాక ఈ పొలం చూస్తే ఆ పెట్టె అడుగున చిన్న గుడ్డమూటలో ఏముండేదో అర్థమవుతుంది.

చుట్టుపక్కల ఇంకేమైనా?

స్పిల్‌విల్. ఇది చెక్‌వాళ్ల ఊరు. ప్రసిద్ధ సంగీతకర్త ద్వోర్జాక్ 1893 వేసవి ఇక్కడే గడిపాడు. ఆయన బస చేసిన ఇంట్లోనే ఇప్పుడు బిలీ అన్నదమ్ములు చెక్కిన చెక్క గడియారాల మ్యూజియం ఉంది. ఇద్దరూ రైతులు, చలికాలపు ఖాళీ రోజుల్లో చెక్కినవి. గంట కొట్టినప్పుడు బొమ్మలు కదులుతాయి, అది చూసే రావాలి. డెకోరాలోనే పోర్టర్ హౌస్ అనే పాత ఇల్లుంది, దాని చుట్టూ రంగురాళ్ల గోడ చూడ్డానికి అయిదు నిమిషాలు ఆగండి.

ఎలా వెళ్లాలి? కారు లేకపోతే?

కారు కావాల్సిందే. రైలు ఊళ్లోకి రాదు, దగ్గరి ఆమ్‌ట్రాక్ స్టేషన్ లా క్రాస్. రోచెస్టర్ నుంచి 52వ నంబరు హైవే మీద నేరుగా దక్షిణానికి రండి, దాదాపు 70 మైళ్లు. మినియాపొలిస్ నుంచి మూడు గంటల లోపు, షికాగో నుంచి అయిదు గంటలు దాటుతుంది. దారిలో హార్మొనీ అనే ఊరి దగ్గర, కార్లు వాడకుండా పాత పద్ధతిలో బతికే ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్ల గుర్రబ్బళ్లు రోడ్డు అంచున వెళ్తుంటాయి. మలుపు తిరగ్గానే ఎదురొస్తాయి, స్పీడు తగ్గించండి. ఫొటోలు తీయొద్దు, వాళ్లకి ఇష్టం ఉండదు. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు జింకలు అడ్డం వస్తాయి. లోయల్లో ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

ఏ నెల మంచిది?

జూన్, లేదా అక్టోబరు మొదటి రెండు వారాలు. అక్టోబరులో కొండలన్నీ పసుపు, ఎరుపు. జనవరి, ఫిబ్రవరిల్లో చలి సున్నాకి 20 డిగ్రీల కిందికి పోతుంది, కొండదారుల్లో డ్రైవింగ్ అలవాటు లేనివాళ్లు రావద్దు.

రాత్రి ఉండాలంటే?

ఒక రాత్రి ఉండమనే చెప్తాను. హోటల్ విన్నెషీక్ 1905 నాటిది, వాటర్ స్ట్రీట్ మీదే, మ్యూజియంకి నడిచి వెళ్లొచ్చు. టెంట్ వేసుకునేవాళ్లకి పల్పిట్ రాక్ క్యాంప్‌గ్రౌండ్ ఉంది. ఫెస్ట్ వారంలో, కాలేజీ గ్రాడ్యుయేషన్ రోజుల్లో నెలల ముందే బుక్ చేసుకోవాలి.

అక్కడివాళ్లు మనతో ఎలా ఉంటారు?

మర్యాదగా, కొంచెం మొహమాటంగా. వాళ్లంతట వాళ్లు ఎక్కువ మాట్లాడరు, మనం ఒక్క మాట కదిపితే ఆపరు. అమ్మ చీరలో ఉంటే కనీసం ఇద్దరు ఆగి ఆ అంచు చేత్తో నేసిందా మిషన్ మీదా అని అడిగారు. నేతపని తెలిసినవాళ్లు అడిగే ప్రశ్న అది. మంగళగిరి చీర అని చెప్పి మగ్గం గురించి నాకు తెలిసింది చెప్పాను. తెలియనిది అమ్మ చెప్తే తర్జుమా చేశాను.

ఏం కొనుక్కుని రావచ్చు?

చేత్తో వేసిన రోజ్‌మాలింగ్ గిన్నెలు ఖరీదే, కానీ వారాల పని అది. బేరం ఆడకండి. సీడ్ సేవర్స్ విత్తనాల పాకెట్లు అమెరికాలో మీ పెరట్లో వేసుకోవడానికి కొనండి. ఇండియాకి మాత్రం సూట్‌కేసులో పెట్టి పంపొద్దు, తగిన అనుమతి పత్రాలు లేకుండా విత్తనాలు తీసుకెళ్లడం నిషేధం, కస్టమ్స్‌లో పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. ఇనప అచ్చులకి ఏ ఇబ్బందీ లేదు. అమ్మ రోజెట్ అచ్చు ఒకటి కొనుక్కుని, చెకిన్ బ్యాగులో రెండు తువ్వాళ్ల మధ్య చుట్టి తెనాలి తీసుకెళ్లింది. పోయిన సంక్రాంతికి దాంతోనే గులాబీ పువ్వులు వండి వీడియో కాల్‌లో చూపించింది. నూనె చాలా వేడెక్కాలి, అచ్చు అందులోనే రెండు నిమిషాలు ఉంచాలి, లేకపోతే పిండి పట్టదు అని మళ్లీ మళ్లీ చెప్పింది.